తెర మీద చెల్లింది... కాగితం మీద చెల్లదు!

వీడియో గేముల్లో వీరుడు దూకుతాడు. కత్తి తిప్పుతాడు. గోడలెక్కుతాడు. అదే వీరుణ్ని కాగితంతో చేసి బల్ల మీద నిలబెట్టుకుంటే? ఆ సరదా ఉన్నవాళ్లు పిల్లల్లోనే కాదు, ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దల్లోనూ ఉన్నారు. గేములోని బొమ్మను కంప్యూటర్లో విప్పి, పలకలు పలకలుగా పరిచి, ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి, అతికించడం... ఇదీ పని. జపాన్‌లో దీన్ని 'పెపకురా' అంటారు. పేపర్, క్రాఫ్ట్ అన్న రెండు మాటల్ని వాళ్లు కుదించి పలికితే వచ్చిన మాట అది.

వినడానికి తేలిగ్గానే ఉంది. చిక్కంతా భుజం దగ్గర వస్తుంది.

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో ఓ ఇంటర్ కుర్రాడు వేసవి సెలవుల్లో ఈ పని మొదలుపెట్టాడనుకుందాం. జిరాక్స్ షాపుకెళ్లి మందపాటి కాగితం మీద 20 పేజీలు కలర్ ప్రింటు తీయించాడు. నాలుగు సాయంత్రాలు కూర్చుని కత్తిరించాడు. తల బాగా వచ్చింది. మొండెమూ బాగానే వచ్చింది. చెయ్యి తెచ్చి మొండేనికి అతికిద్దామంటే అతకదు. మొండెం పక్క పూర్తిగా మూసి ఉంది. చెయ్యేమో భుజం దగ్గర రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. తెర మీద ఆ రెండు సెంటీమీటర్లూ మొండెం లోపల ఉండేవి. మరి కాగితంలో వాటిని ఎక్కడ దాచాలి? నొక్కితే సొట్ట పడుతుంది, లాగితే చిరుగుతుంది. 'ఇది మనవల్ల కాదులే' అని ముక్కలన్నీ డబ్బాలో పడేస్తాడు.

తప్పు అతని వేళ్లది కాదు. బొమ్మను విప్పకముందే చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోయిన పలకల్ని కోసి, బొమ్మను శుభ్రం చేసుకోవడమే ఆ పని. కాగితం బొమ్మ బల్లెక్కుతుందా, డబ్బాలోకి పోతుందా అన్నది తేలేది అక్కడే.

తెర ఎలా దాచేస్తుందంటే...

గేములో బొమ్మ అంటే లోపల బోలుగా ఉండే గుల్ల. మూడు మూలలవో, నాలుగు మూలలవో చిన్న చిన్న పలకలు అంచులు కలుపుకొంటే ఆ గుల్ల తయారవుతుంది. ఈ పలకలకు మందం లేదు. అక్షరాలా సున్నా! మందమే లేని పలక ఇంకో పలకలోంచి దూసుకుపోయినా కంప్యూటర్‌కు వచ్చిన నష్టమేమీ లేదు.

మరి చూసేవాళ్లకు ఆ తేడా ఎందుకు తెలియదు? తెర మీద ఒక్కో చుక్క దగ్గరా కంప్యూటర్ చూసుకునేది ఒకటే: ఇక్కడ కంటికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నదేది? దాన్ని గీస్తుంది. వెనకున్నవాటిని వదిలేస్తుంది. 'జెడ్ బఫర్' అనే ఈ పద్ధతిని 1974లో అమెరికాలో ఎడ్విన్ క్యాట్‌మల్, జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్ట్రాసర్ ఎవరికి వారుగా తమ పరిశోధన గ్రంథాల్లో వివరించారు. 1996లో వచ్చిన నింటెండో 64 యంత్రంలోనే ఈ ఏర్పాటు ఉండేది. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన సోనీ ప్లేస్టేషన్‌లో అది లేదు. దూరపు పలకల్ని ముందు, దగ్గరివాటిని తర్వాత వరసగా గీసుకుంటూ పోయేది. పద్ధతి ఏదైనా లోపల దాగిన ముక్క మాత్రం ఆటగాడి కంట పడదు.

కాబట్టే గేములు చేసేవాళ్లు కావాలనే ముక్కల్ని ఒకదాంట్లోకి ఒకటి దూర్చేవారు. 1996 నాటి 'సూపర్ మారియో 64'లో మారియో ఒళ్లంతా ఒకే గుల్ల కాదు. తల, మొండెం, పై చెయ్యి, కింది చెయ్యి... ఇలా విడివిడి ముక్కలు. 1997లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 7'లో ఊళ్లలో తిరిగే పాత్రలూ అంతే. మోచెయ్యి వంగినప్పుడు మధ్యలో ఖాళీ కనబడకుండా ఒక ముక్క కొస ఇంకో ముక్కలో మునిగి ఉంటుంది. రెండిటినీ అతుకు తెలియకుండా కలపాలంటే పలకలు ఎక్కువ కావాలి. ఆ రోజుల యంత్రాలకు ఒక్కో పలకా బరువే. దూర్చేస్తే పని సులువు, యంత్రానికీ సులువు.

తోలుబొమ్మా... రావణఛాయా...

ఈ సంగతి మన తోలుబొమ్మలు చూసినవారికి ఇట్టే అర్థమవుతుంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో చేసే బొమ్మల్లో చేతులు, కాళ్లు వేరే ముక్కలు. భుజం దగ్గర ఒక తోలుముక్క మీద ఇంకో తోలుముక్క పడుతుంది, దారంతో ముడి వేస్తారు. అలా ఒకదాని మీద ఒకటి ఉంటేనే చెయ్యి కదులుతుంది. అదే ఒడిశాలోని రావణఛాయ బొమ్మల్ని చూడండి. వాటికి కీళ్లు ఉండవు. బొమ్మంతా ఒకే తోలుముక్క. కదిలించేది బొమ్మ మొత్తాన్నే తప్ప చేతిని కాదు.

గేములోని వీరుడు తోలుబొమ్మ లాంటివాడు. వాడు కదలాలి కాబట్టి ముక్కలు ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి. మనం బల్ల మీద పెట్టుకునే కాగితం బొమ్మ రావణఛాయ లాంటిది. అది ఒకే భంగిమలో ఉండిపోతుంది. దానికి దాటుకోవడంతో పనిలేదు. కదలిక కోసం పెట్టిన ఆ అదనపు ముక్కల్ని తీసేసి, బయటికి కనిపించే ఒక్క పొరనే మిగల్చడం... శుభ్రం చేయడమంటే ఇదే. 'బయట నిలబడి ఈ బొమ్మను తడిమితే నా వేలికి తగిలేదేది?' అని అడుగుతూ పోతే చాలు. తగిలేది ఉంచాలి, తగలనిది తీసేయాలి.

ముందు భంగిమ... తర్వాతే కోత

ఈ పనికి చాలామంది వాడేది 'బ్లెండర్' అనే సాఫ్ట్‌వేర్. ఉచితం. విప్పి పరచడానికి జపాన్‌కు చెందిన తమసాఫ్ట్ వారి 'పెపకురా డిజైనర్' ఉంది. విప్పడమే దాని పని. ఒకదాంట్లోకి ఒకటి దూరిన పలకల్ని అది కోసి పెట్టదు. ఇచ్చిన పలకల్ని ఇచ్చినట్టే పరిచి చేతికిస్తుంది. అందుకే శుభ్రమంతా బ్లెండర్‌లోనే ముగించుకోవాలి. ఫైలుకు ఇంకో కాపీ తీసి పక్కన పెట్టుకోవడం మాత్రం మరవొద్దు.

మొదట తేల్చుకోవాల్సింది భంగిమ. చాలా బొమ్మలు చేతులు బార్లా చాపి నిలబడిన తీరులో వస్తాయి. మీ వీరుడు కత్తి ఎత్తి ఉండాలా, చేతులు దించి ఉండాలా? ముందుగా ఆ భంగిమలోకి తెచ్చి, దాన్ని స్థిరం చేయాలి. కారణం ఉంది. చెయ్యి పైకెత్తితే భుజం దగ్గర ఒక చోట దూరుతుంది, దించితే ఇంకో చోట దూరుతుంది. ముందు కోసేసి తర్వాత భంగిమ మారిస్తే చేసిన పనంతా వృథా.

రెండోది, విడిపోయిన మూలల్ని కలపడం. గేము ఫైళ్లలో రంగుల బొమ్మ అతుకు ఉన్నచోట, గట్టి అంచు ఉన్నచోట ఒకే బిందువు దగ్గర రెండేసి, మూడేసి మూలలు ఉంటాయి. చూడ్డానికి కలిసినట్టే ఉంటుంది గానీ అంచులు నిజంగా కలిసి ఉండవు. అలాగే విప్పితే ముక్కలు చెల్లాచెదురవుతాయి. బ్లెండర్‌లో 'మర్జ్ బై డిస్టెన్స్' అన్న ఆజ్ఞ వీటిని కలిపేస్తుంది. దూరం మరీ ఎక్కువ ఇస్తే మాత్రం ముక్కూ పెదవీ కూడా కలిసిపోతాయి. చాలా తక్కువ దూరంతో మొదలుపెట్టాలి.

మూడోది, ఏది లోపలో ఏది బయటో సరిచూడడం. ప్రతి పలకకూ బయటివైపు, లోపలివైపు అని ఉంటాయి. 'ఫేస్ ఓరియంటేషన్' ఆన్ చేస్తే తిరగబడ్డ పలకలు ఎర్రగా కనిపిస్తాయి. వాటిని సరిచేయకపోతే తర్వాత వచ్చే కోతల్లో లెక్క తప్పుతుంది. కంప్యూటర్ లోపలిదాన్ని ఉంచి బయటిదాన్ని తీసేస్తుంది!

దూరిన చోటు పట్టుకోవాలిగా!

కంటితో వెతికితే అన్నీ దొరకవు. బ్లెండర్‌కు అదనంగా చేర్చుకునే '3డి ప్రింట్ టూల్‌బాక్స్' ఉంది. ఇందులోని పరీక్ష ఒకదాన్నొకటి కోసుకుంటున్న పలకల్ని లెక్కపెట్టి, ఎంచి చూపిస్తుంది. పారదర్శకంగా చూసే ఎక్స్‌రే పద్ధతి పెట్టుకుని బొమ్మను గుండ్రంగా తిప్పినా చాలా సంగతులు బయటపడతాయి.

దొరికేవి సాధారణంగా నాలుగు రకాలు. ఒకటి, నిజంగా దూరినవి. భుజం, మెడ, తొడ, పిడికిట్లోని కత్తి ఇలాంటివే. రెండు, పూర్తిగా మునిగిపోయినవి. టోపీ కింద గుండు, బట్టల కింద ఒళ్లు, మూసిన నోట్లో పళ్లు. ఇవి ఎవరికీ కనిపించవు. తీసేస్తే కాగితం మిగులుతుంది, సమయం మిగులుతుంది. మూడు, ఒకదానికొకటి అంటుకుని ఒకే తలంలో ఉన్న పలకలు. చొక్కా మీద బొత్తాం, నడుముకు పట్టీ ఇలా పెడతారు. నాలుగు, పల్చటి ఒంటి పలకలు. జుట్టు పాయలు, రెక్కలు, వెనక వేలాడే దుప్పటి.

మునిగినవాటికి మందు ఒకటే: తీసేయడం. అంటుకున్నవాటిలో కిందిది తీసేయాలి, లేదా పైదాని రంగును కిందిదాని మీదికి ఎక్కించి పైది తీసేయాలి. పల్చటి పలకకు తెర మీద ఒకే ముఖం ఉన్నా నడిచిపోతుంది. కాగితానికి రెండు ముఖాలూ కనిపిస్తాయి. దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి జత చేసి, వీపులు రెండూ కలిపి అతికించాలి. ఇక మిగిలింది మొదటి రకం. అసలు పనంతా దాంతోనే.

మూడు దారులు

మొదటి దారి 'బూలియన్ యూనియన్'. చెయ్యీ మొండెమూ రెండిటినీ కలిపి ఒకే గుల్లగా చేయమని కంప్యూటర్‌కే అప్పజెప్పడం. లోపలి ముక్కల్ని అదే తీసేస్తుంది. సులువైన దారే గానీ షరతుంది. రెండూ ఎక్కడా చిల్లు లేకుండా మూతపడి ఉండాలి. గేముల్లో చెయ్యి కొస మొండెంలో దాగుతుంది కదా అని అక్కడ మూతే పెట్టరు. మూత లేని గుల్లకు లోపలేది, బయటేది? కంప్యూటర్ తికమకపడి ముక్కలు ముక్కలు చేస్తుంది. ముందు ఆ చిల్లులు పూడ్చాలి.

రెండో దారి 'ఇంటర్‌సెక్ట్ నైఫ్'. ఇది రెండు గుల్లలు కలిసేచోట కోత గీత మాత్రమే పెడుతుంది. ఏది ఉంచాలో ఏది తీయాలో మనమే చూసుకోవాలి. లోపలి ముక్కను ఎంచి తీసేసి, కోత దగ్గరి మూలల్ని కలపాలి. కాస్త ఓపిక కావాలి. చిల్లులున్న పాత గేము బొమ్మలకు మాత్రం ఇదే భద్రం.

మూడో దారిలో అసలు కలపడమే ఉండదు. చేతిని మొండెం మీద పడే గీత దగ్గర కోసి, అక్కడ చిన్న మూత పెట్టి విడి ముక్కగా ఉంచేయాలి. మొండెం మీద చెయ్యి ఎక్కడ అతకాలో సన్నటి గీతతో గుర్తు పెట్టాలి. మొండెం చెక్కు చెదరదు, చిల్లు పడదు.

కంప్యూటర్ దృష్టితో చూస్తే మొదటి దారిలో వచ్చేదే అందరికన్నా శుభ్రమైన బొమ్మ. వేళ్ల దృష్టితో చూస్తే చాలాసార్లు మూడోదే మేలు. ఎందుకంటే కాగితం బొమ్మలో చివరి ముక్క అతికించేటప్పుడు లోపలినుంచి నొక్కడానికి వేలు పట్టాలి. అంతా ఒకే గుల్ల అయితే వేలు దూర్చేదెక్కడ? చెయ్యి విడిగా, మొండెం విడిగా చేసుకుని ఆఖర్న కలిపితే ఆ బాధ లేదు. మెడ దగ్గర తలా మొండెం రంగు ఒకటే అయి, అతుకు కనిపిస్తే ముఖం అందం చెడుతుందనుకున్న చోట కలిపేయొచ్చు. చొక్కా చేతికీ చొక్కా మొండేనికీ మధ్య ఎలాగూ కుట్టు ఉంటుంది కాబట్టి అక్కడ విడిగా ఉంచొచ్చు. టైలర్లు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదేగా!

పది మూలలా... ఎనిమిదా?

కోత పడ్డాక కొత్త చిక్కు వస్తుంది. ఉదాహరణకు చెయ్యి ఎనిమిది పలకల గొట్టం అనుకుందాం. అది మొండెం మీద రెండు పలకలు కలిసే మడత గీత దగ్గర దూరింది. గొట్టం అంచులు ఎనిమిదీ మొండేన్ని ఎనిమిది చోట్ల తాకుతాయి. మడత గీత గొట్టాన్ని రెండు వైపులా తాకుతుంది. మొత్తం పది మూలలు. ఆ మడత గీత గొట్టం మూలకు ఒక మిల్లీమీటరు దూరంలో పడిందంటే అక్కడ ఒక మిల్లీమీటరు అంచు పుడుతుంది. కంప్యూటర్‌కు అది అంచే. కత్తెరకు కాదు! దాన్ని కోయలేం, మడవలేం, గమ్ము పెట్టలేం.

అందుకే కోయకముందే గొట్టాన్ని దాని ఇరుసు చుట్టూ కాస్త తిప్పి, ఎదురెదురు మూలలు రెండూ సరిగ్గా మడత గీత మీద పడేలా చూసుకోవాలి. పది కాస్తా ఎనిమిది అవుతాయి. చూసేవాళ్లకు ఆ తిప్పుడు తెలియను కూడా తెలియదు. అతికించేవాళ్లకు మాత్రం గంట పని తగ్గుతుంది.

తిప్పడం కుదరకపోతే కోత తర్వాత సూది మొనల్లాంటి సన్నటి పలకల్ని వెతికి, పక్క మూలలో కలిపేయాలి. బొమ్మ ఎంత ఎత్తు ఉండబోతోందో ముందే తేల్చుకుని, ఆ కొలతలో రెండు మూడు మిల్లీమీటర్లకు తక్కువున్న అంచుల్ని వీలైనంత వరకు తీసేయడం మంచిది. ఒకే తలంలో ఉండి అనవసరంగా ముక్కలైన పలకల్ని 'లిమిటెడ్ డిజాల్వ్' ఒక్కటిగా కలిపేస్తుంది. మడతలు తగ్గుతాయి.

నాలుగు మూలల పలకల విషయంలో ఇంకో జాగ్రత్త. నాలుగో మూల కాస్త పైకో కిందికో ఉంటే ఆ పలక మెలి తిరిగినట్టే. తెర మీద చెల్లుతుంది. కాగితం అలా మెలి తిరగదు, గీత మీద మడత మాత్రమే పడుతుంది. అలాంటి పలకను ఎదురు మూలల మధ్య గీత పెట్టి రెండు త్రికోణాలు చేయాలి. గీత ఏ మూలనుంచి ఏ మూలకన్నది కూడా ముఖ్యమే. ఒకవైపు పెడితే చెంప ఉబ్బుతుంది, ఇంకోవైపు పెడితే లోపలికి పోతుంది.

రెండు అడ్డంకులు వేరువేరు

విప్పాక పలకలు కాగితం మీద ఒకదానిపై ఒకటి పడితే కొత్తవాళ్లు కంగారుపడతారు, 'ఇంకా శుభ్రం కాలేదా' అని. అది వేరే సంగతి. ఘనాకారాల్ని విప్పి బల్లపరుపుగా చూపే పద్ధతిని జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేసిన గ్రంథంలోనే గీసి చూపాడు. ఎక్కడా లోపలికి నొక్కుకుపోని ఏ ఘనాకారాన్నైనా, అంచుల వెంటే కోసి, ముక్కలు ఒకదానిపై ఒకటి పడకుండా ఒకే ముక్కగా విప్పగలమా అన్న ప్రశ్నకు గణితవేత్తలకు ఇప్పటికీ రుజువు దొరకలేదు. మన వీరుడేమో అడుగడుగునా గుంటలూ గుట్టలూ ఉన్నవాడు. పరిచినప్పుడు ముక్కలు పడడం మామూలే. ఒక అంచు దగ్గర విడదీసి రెండు ముక్కలు చేస్తే పోయేదానికి బాధెందుకు?

బొమ్మలోనే పలకలు దూరి ఉంటే మాత్రం ఎన్ని ముక్కలు చేసినా పోదు. మొదటిది పరిచేటప్పటి ఇబ్బంది, రెండోది బొమ్మలోనే ఉన్న దోషం. ఈ తేడా తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

నున్నటి గుండ్రటి బొమ్మల సంగతి చూసినవారూ ఉన్నారు. జపాన్ పరిశోధకులు జున్ మితాని, హిరోమాసా సుజుకి 2004లో సిగ్రాఫ్ సదస్సులో ఒక పద్ధతి ప్రకటించారు. వేల పలకల బొమ్మను పొడవాటి పట్టీలుగా మార్చి, కాగితం వంచి అతికించుకునేలా చేయడం దాని సారం. పాత గేముల బొమ్మలకు ఆ అవసరం రాదు. వాటి పలకలు తక్కువ. కాగితం కళాకారులు పాత గేముల్ని ఇష్టపడడానికి అదీ ఒక కారణం.

మొదలుపెట్టడానికి 'మైన్‌క్రాఫ్ట్'

సాఫ్ట్‌వేరు జోలికే పోకుండా ఈ పాఠం నేర్చుకోవాలంటే మైన్‌క్రాఫ్ట్ బొమ్మ మంచి దారి. 2009లో జనం ముందుకొచ్చి 2011లో పూర్తిస్థాయిలో విడుదలైన ఈ గేములో మనిషంటే ఆరు పెట్టెలే. తల 8 గళ్లు పొడవు, 8 వెడల్పు, 8 ఎత్తు. మొండెం వెడల్పు 8, ఎత్తు 12, మందం 4. చేతులు, కాళ్లు ఒక్కోటి 4, 12, 4. ఒక్కో గడికి అర సెంటీమీటరు అనుకుంటే తల 4 సెంటీమీటర్ల ఘనం, బొమ్మ మొత్తం ఎత్తు 16 సెంటీమీటర్లు. స్కేలు, పెన్సిలు, చార్టు ఉంటే చాలు.

ఇంత సులువైన బొమ్మలోనూ దూరడం ఉంది! జావా ఎడిషన్‌లో కాళ్లు రెండూ మధ్యగీతకు 2 గళ్ల దూరంలో కాకుండా 1.9 గళ్ల దూరంలో ఉంటాయి. అంటే ఒక కాలు ఇంకో కాలిలోకి గడిలో అయిదో వంతు దూరి ఉంటుంది. మన కొలతలో ఒక మిల్లీమీటరు. తెర మీద ఎవరూ గమనించరు. కాగితంలో ఆ లెక్కే పాటిస్తే కాళ్లు పక్కపక్కన కుదరవు. 2 గళ్ల దూరమే తీసుకుంటే సరి. తల మీద జుట్టుకో టోపీకో తల చుట్టూ అర గడి ఎడంగా ఇంకో పెట్టె కూడా ఉంటుంది. కాగితంలో అది వద్దు. ఆ రంగులు తల పెట్టె మీదే వేసేస్తే చాలు. చూశారుగా, ఆరు పెట్టెల బొమ్మకూ 'ఏది ఉంచాలి, ఏది తీయాలి' అన్న ప్రశ్న తప్పలేదు.

బొమ్మ ఎవరిది?

గేములోని బొమ్మ మీద హక్కు దాన్ని చేసిన కంపెనీది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ చిత్రమైన మాటొకటి చెబుతుంది. ఘనరూపంలో ఉన్న కళాకృతిని చదునుగా చూపడం, చదునుగా ఉన్నదాన్ని ఘనరూపంలో చూపడం రెండూ హక్కుదారు చేతిలోవే. కాగితం బొమ్మలో జరిగేది సరిగ్గా అదే! సొంత వాడకానికి చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. ఇంట్లో షోకేసులో పెట్టుకోవడం వేరు, జాతరలో దుకాణం పెట్టి అమ్మడం వేరు. అమ్మే ఆలోచన ఉంటే హక్కులు వదిలేసిన బొమ్మలతో చేయడం మేలు. 'కెన్నీ' పేరుతో నెదర్లాండ్స్ నుంచి వచ్చే గేము బొమ్మలు అలాంటివే. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు.

ఈ నైపుణ్యం కాగితంతోనే ఆగిపోదు. 3డి ప్రింటరుకు కూడా దూరిన పలకలు, చిల్లుల గుల్లలు పడవు. అక్కడా ఇదే శుభ్రం కావాలి. గేముల బొమ్మలు చేసే కొలువులు కూడా మన పక్కనే ఉన్నాయి. బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ దేశంలోని తొలితరం గేము కంపెనీల్లో ఒకటి. 2019లో దాన్ని రాక్‌స్టార్ గేమ్స్ కొనుక్కుంది. ఒక బొమ్మ ఎక్కడ మూతపడిందో, ఎక్కడ తెరుచుకుందో చూడగానే పట్టుకునే కన్ను ఆ రంగంలో పనికొస్తుంది. కాగితం ఆ కన్నును చవగ్గా తయారుచేస్తుంది.

ప్రింటుకు ముందు ఇవి చూసుకోండి

* భంగిమ స్థిరం చేశాకే కోత మొదలుపెట్టారా?
* తిరగబడ్డ పలకలు, విడిపోయిన మూలలు సరిచేశారా?
* టోపీ కింద, బట్టల కింద దాగిన పలకలు తీసేశారా?
* దూరిన పలకల పరీక్షలో లెక్క సున్నాకు వచ్చిందా? కావాలని విడిగా ఉంచిన ముక్కలుంటే వాటిని ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించారా?
* మెలి తిరిగిన నాలుగు మూలల పలకల్ని త్రికోణాలు చేశారా?
* చివరి ముక్క అతికించేటప్పుడు వేలు పట్టే చోటుందా? ఆ చోటు బొమ్మ వీపువైపో, కాళ్ల కిందో ఉండేలా చూశారా?
* పెద్ద ముక్కలకు 160 నుంచి 200 జీఎస్ఎం కాగితం, వేళ్లూ చెవులూ లాంటివాటికి అంతకన్నా పల్చటిది ఎంచుకున్నారా?

మడతలకు ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత నొక్కితే మడత తిన్నగా వస్తుంది. ఫెవికాల్ పుల్లతో పల్చగా రాయాలి. ఎక్కువైతే తడికి కాగితం ఉబ్బుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. బొమ్మ మొత్తం ఒకేసారి ప్రింటు తీయించొద్దు. భుజం దగ్గరి రెండు ముక్కలు మాత్రం మామూలు తెల్లకాగితం మీద నలుపు తెలుపులో తీయించండి. కత్తిరించి, మడిచి, ఒకదానికొకటి ఆనించి చూడండి. అంచుకు అంచు కలిస్తే రంగుల పేజీలకు ధైర్యంగా డబ్బులివ్వొచ్చు. కలవకపోతే పోయింది ఒక్క కాగితమే. కంప్యూటర్ ముందుకెళ్లి ఆ భుజం మళ్లీ కోసుకోవచ్చు!